బరువు వేయకుండా ఉత్తరం రాయకు

ఆసుపత్రి మందుల గది
ఫిబ్రవరి 3
బరువు: 61

ఒరేయ్ బొద్దూ,

పైన అంకె చూసి కంగారుపడకు. అది నా బరువు. ఇకనుంచి మనిద్దరం ఉత్తరం మీద తారీఖు వేసినట్టే బరువు కూడా వేయాలి. అంకె లేని ఉత్తరం వస్తే మడత కూడా నలగకుండా నీకే తిప్పి పంపుతాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని అడుగుతావు. ఫోన్లో నువ్వు "అలాగేలే అక్కయ్యా" అని రెండు నవ్వులు నవ్వి జారుకుంటావు. నేను గోడకు చెప్పినట్టే అవుతుంది. కాగితం మీద అంత సులువుగా జారుకోలేవు.

నిన్న మా ఆసుపత్రిలో నరాల డాక్టరు సిబ్బందికి గంటసేపు పాఠం చెప్పాడు. నడివయసులో పొట్ట చుట్టూ చేరిన కొవ్వు పొట్టతో ఊరుకోదట. రక్తపోటును పెంచుతుంది, చక్కెరను పెంచుతుంది, అవి రెండూ కలిసి మెదడులోని సన్నని రక్తనాళాలను ఏళ్ళ తరబడి పాడుచేస్తాయి. మెడ లావైనవాళ్ళకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుందట, ఆగినప్పుడల్లా మెదడుకు గాలి చాలదట. ఇప్పుడు పెంచుకున్న ఒళ్ళు పదిహేనేళ్ళకు మతిమరుపుగా బయటపడవచ్చు అన్నాడు. అందరికీ అలా అవుతుందని కాదు, అవకాశం పెరుగుతుందని కూడా అన్నాడనుకో. తర్వాత అరవై దాటినవాళ్ళ సంగతి మొదలుపెట్టాడు. ఈలోగా కౌంటరు దగ్గర జనం చేరారని కబురొస్తే లేచి వచ్చేశాను. నాకు కావలసింది యాభై ఏళ్ళ నీ ముక్కే కదా.

వింటున్నంతసేపూ నాన్నే కళ్ళముందున్నాడు. అప్పుడు నువ్వు వేరే ఊళ్ళో కుట్టుపని నేర్చుకుంటున్నావు, చాలా సంగతులు నీదాకా రాలేదు. అంత భారీ మనిషి, పాతికేళ్ళు ఒకే దారిలో బస్సు నడిపినవాడు, ఒక ఉదయం నలభైమంది ప్రయాణికులతో గోదాముల సందులోకి తిప్పి, ఇంజను ఆపి, "మనం ఇక్కడెందుకు ఆగాం?" అని కండక్టర్ని అడిగాడు. నీ మెడ, నీ బొజ్జ అచ్చం నాన్నవే. నాకు నిద్ర పట్టడం లేదు.

మా కింది వాటా టీచరమ్మ అడుగులు లెక్కపెట్టే గడియారం కొనుక్కుంది. రెండు రోజులు నడిచి విసుగెత్తి దాన్ని తన కుక్క మెడకు కట్టింది. సాయంత్రానికి పందొమ్మిది వేల అడుగులు. డాక్టరు ఆవిడను తెగ మెచ్చుకున్నాడట. నువ్వు ఇలాంటి వేషాలు వేయకు.

నాకు తెల్లకోట్లు రెండు కుట్టి పంపు. కొలతలు ఎప్పటివే.

మీ అక్కయ్య

*

దుకాణం
ఫిబ్రవరి 17, ఆదివారం
బరువు: 97

అక్కయ్యా,

అంకె వేశాను, నీ కడుపు చల్లబడిందా? టీచరమ్మ సంగతి చదివి నీ మరదలు పడీపడీ నవ్వింది. మనమూ ఒక కుక్కను పెంచుకుందామంటోంది.

నవ్వుతూనే రాస్తున్నాను గాని నీ ఉత్తరం చదివినప్పటినుంచి గుండె దడగా ఉంది. నేను కొలతలు పుస్తకంలో రాసుకోనని నీకు తెలుసు. మనిషి గుమ్మంలోకి రాగానే మెడ, భుజం, నడుము, పొడవు వరసగా నోటికొస్తాయి. ఊళ్ళోవాళ్ళంతా ముక్కున వేలేసుకునేది దానికే. పోయిన నెల బ్యాంకు మేనేజరుకు కోటు కుట్టి తొడిగిస్తే చేతులు వేళ్ళ చివరిదాకా వచ్చాయి. అవి ఆయన చేతులు కావు, వాలీబాల్ కోచ్‌వి. ఆయన పెద్దమనిషి, "ఇంకా పెరుగుతాననుకున్నారా?" అని నవ్వేశాడు. నేనూ నవ్వాను. ఆ రోజు ఇక కత్తెర ముట్టుకోలేదు.

ఆ మర్నాడే కొలతలకని ఒక పుస్తకం కొన్నాను. ఇంతవరకు ఒక్క గీత గీయలేదు. రాయడం మొదలుపెడితే ఒప్పుకున్నట్టే అవుతుందని భయం. నా గురక తలుపు అవతలికి వినిపిస్తుందని, మధ్యలో ఆగిపోతే తను లేచి కూర్చుంటుందని నీ మరదలు చెబుతోంది. ఈ మాట నీకు రాయొద్దని కూడా చెప్పింది.

గోదాముల సందు సంగతి నాకు ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?

కోట్లు పంపుతున్నాను. నీ కొలతలు నా తలలో భద్రంగానే ఉన్నాయి. అవి పోయిన రోజున దుకాణం మూసేస్తాను.

నీ బొద్దు

*

ఇల్లు
ఏప్రిల్ 6
బరువు: 58

ఒరేయ్ బొద్దూ,

కోట్లు అందాయి. వేసుకుని కౌంటరు దగ్గర నిలబడితే పెద్ద ఫార్మసిస్టుగారు, "ఇది మీదేనా, ఎవరిదైనా తొడుక్కొచ్చారా?" అన్నారు. ఛాతీ దగ్గర ఇంకో మనిషి దూరేంత చోటుంది. భుజాలు జారిపోతున్నాయి. పదేళ్ళుగా కుడుతున్న కోటుకే కొలత తప్పావు. రాయకూడదనుకున్నాను. కాని దాచితే నీకే నష్టం. రెండూ తిప్పి పంపుతున్నాను, టేపు పట్టి తీసిన కొత్త కొలతలు కాగితం మీద జతచేశాను. దయచేసి తలలోంచి కాకుండా కాగితం చూసి కత్తిరించు.

నేను మూడు కిలోలు తగ్గాను, చూశావుగా. మన వంశంలో ఒళ్ళు అదుపులో పెట్టుకున్నది నేనొక్కదాన్నే. మూడంతస్తులు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతాను, ఆయాసం ఊసే లేదు. నీ అంకె ఏది? రెండు నెలలైంది, నువ్వెందుకు రాయలేదు?

అన్నట్టు, ఒక తమాషా చెప్పాలి. మా కింది వాటా టీచరమ్మ అడుగులు లెక్కపెట్టే గడియారం కొని కుక్క మెడకు కట్టింది. పందొమ్మిది వేలు చూపించిందట. నవ్వీ నవ్వీ నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

మీ అక్కయ్య

*

దుకాణం
ఏప్రిల్ 28
బరువు: 92

అక్కయ్యా,

కోట్ల పొట్లం విప్పడానికి ధైర్యం చాలక అలమర మీద పడేశాను. నీ కాగితం కొలతలతో కొత్తవి రెండు కుట్టి పంపుతున్నాను. ఇక నేను పుస్తకంలో రాసుకుంటున్నాను. మొదటి పేజీలో నీ కొలతలే ఎక్కించాను. కోచ్ ఒకరోజు వచ్చి నా చేతిలో పుస్తకం చూసి, "ఏమిటి మాస్టారూ, మీకూ పుస్తకమేనా?" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

రోజూ పొద్దున్నే పార్కు చుట్టూ నాలుగు చుట్లు తిరుగుతున్నాను. టీలో పంచదార మానేశాను. ఐదు కిలోలు తగ్గాను, అంకె చూడు. నువ్వు మూడే తగ్గావు, నేను నిన్ను దాటేశాను.

నీ బొద్దు

*

ఆసుపత్రి మందుల గది
జూన్ 15
బరువు: 54

బొద్దూ,

నన్ను దాటానని గొప్పలు పోయావుగా, నా అంకె చూసుకో. కొత్త కోట్లు కూడా వదులయ్యాయి. ఈసారి తప్పు నీది కాదులే, పిన్నీసులు పెట్టుకుంటున్నాను.

మనసు బాగాలేదు. ఇక్కడ కొత్త నియమం పెట్టారు. నేను కట్టిన ప్రతి మందుల పొట్లాన్నీ కళ్ళజోడు కంపౌండరు విప్పి ఇంకోసారి చూడాలట. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు నాది. ఆయన చేరినప్పుడు పొట్లం ఎలా మడవాలో నేర్పింది నేను. ఒళ్ళు మండి పెద్ద ఫార్మసిస్టుగారిని నిలదీశాను. "అన్నిచోట్లా వచ్చిందమ్మా ఈ పద్ధతి" అని గోడవైపు చూస్తూ చెప్పారు. ఎవరూ నాతో తిన్నగా మాట్లాడడం లేదు. నేను లోపలికి రాగానే మాటలు ఆగిపోతున్నాయి. ఇంటికొచ్చి కూర్చోలేను, కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతూ ఉంటాను. తాళం వేశానా అని చూడడానికి దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగుతాను.

నవ్వొచ్చే ముక్క ఒకటి చెప్పి ముగిస్తాను. మా టీచరమ్మ అడుగులు లెక్కపెట్టే గడియారం కొని తన కుక్కకు కట్టింది. పందొమ్మిది వేల అడుగులు. డాక్టరు నమ్మేశాడట.

మీ అక్కయ్య

*

ఇల్లు
జులై 2
బరువు: 98

అక్కయ్యా,

పై అంకె నిజం. పోయినసారి వేసింది అబద్ధం. పార్కు చుట్టూ తిరిగింది రెండు రోజులే, పంచదార మానేసింది ఒక పూట. నువ్వు మూడు కిలోలు తగ్గానని రాసేసరికి పౌరుషం పొడుచుకొచ్చి ఐదు తగ్గానని రాశాను. ఒక కిలో పెరిగాను కూడా.

ఇది ఇప్పుడు ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, నా దొంగ అంకెతో పోటీపడి నువ్వు నోరు కట్టుకుంటున్నావు. యాభై నాలుగంటే నాకు భయమేసింది. బావ పోయినప్పుడు కూడా నువ్వింత చిక్కలేదు. చాలు, ఆపేయ్. పోటీ లేదు, నువ్వే గెలిచావు. కడుపునిండా తిను.

నీ మరదలు నన్ను రెక్క పట్టుకుని నిద్ర డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నిద్రలో నా ఊపిరి గంటకు ముప్పైసార్లు ఆగుతోందట. ముక్కుకు తగిలించుకునే గాలి యంత్రం ఇచ్చారు. దాన్ని పెట్టుకుంటే ఏనుగు పిల్లలా ఉన్నానని నీ మరదలు అంటోంది. మతిమరుపు చాలావరకు ఆ నిద్రలేమిదే కావచ్చు, బరువు తగ్గితే ఇంకా తేలికపడుతుంది అన్నాడాయన. తిట్టుకో, పడతాను.

నీ బొద్దు

*

ఇల్లు
జులై 12
బరువు: 52

బొద్దూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అబద్ధం ఆడినందుకు తిడదామనుకుంటే వేరే మాట దగ్గర ఆగిపోయాను. నేను నోరు కట్టుకుంటున్నానని ఎవరు చెప్పారు? నేను ఎవరితోనూ పోటీ పడలేదు. ఎప్పుడూ తిన్నట్టే తింటున్నాను.

తింటున్నాననే అనుకున్నాను. నిన్న వంటింట్లో అలమర తీస్తే మధ్యాహ్నం భోజనానికి తీసుకెళ్ళే డబ్బాలు నాలుగు వరసగా ఉన్నాయి. మూత తీస్తే నాలుగూ నిండుగానే ఉన్నాయి, పాచిపోయి వాసనేస్తున్నాయి. కౌంటరు వెనక బల్ల మీద కూర్చుని తిన్న గుర్తు మాత్రం నాకు బాగానే ఉంది. ఆకలి కూడా వేయలేదు.

పని ఒత్తిడి అనుకుంటాను. మరదలికి చెప్పకు.

మీ అక్కయ్య

*

దుకాణం
జులై 20
బరువు: 97

అక్కయ్యా,

ఈ ఉత్తరం చదివి నువ్వు నాతో మాట్లాడడం మానేసినా సరే, రాస్తున్నాను.

నీ డబ్బాల సంగతి చదివాక అలమర మీద పడేసిన పాత కోట్లు దించాను. కత్తిరించే బల్ల మీద పరిచి టేపు పెట్టాను. భుజం పదిహేను, ఛాతీ ముప్పై ఎనిమిది, చెయ్యి ఇరవై రెండు. పదేళ్ళుగా నీకు కుడుతున్న కొలతలే, దారమంత తేడా లేదు. నేను తప్పలేదక్కయ్యా. కోటు సరిగానే ఉంది, అందులోంచి నువ్వు తగ్గిపోయావు. మనం అంకెలు వేయకముందే మొదలై ఉంటుంది. నా తల పాడైందని మూడు నెలలు ఏడ్చాను. నా కొలత కరెక్టేనని తేలిన రోజున సంతోషించాలి కదా, పట్టపగలే దుకాణం తలుపు మూసుకున్నాను.

తర్వాత నీ ఉత్తరాలన్నీ అదే బల్ల మీద వరసగా పెట్టాను. టీచరమ్మ కుక్క గడియారం సంగతి మూడుసార్లు రాశావు. మూడుసార్లూ కొత్తగా చెబుతున్నట్టే రాశావు. రెండోసారి చదివినప్పుడు ముచ్చటపడి మళ్ళీ చెప్పిందనుకుని ఊరుకున్నాను. ఏప్రిల్లో నేను ఉత్తరం రాయలేదని కోప్పడ్డావు, నా ఫిబ్రవరి ఉత్తరంలో అంకె వేసే ఉంది.

నిన్న నిద్ర డాక్టర్ని అడిగాను. నువ్వు లేచి వచ్చేసిన మిగతా పాఠం ఆయన చెప్పాడు. నడివయసులో బరువు పెరగడం ఒక ప్రమాదం. నీలాగా అరవై దాటినవాళ్ళు ప్రయత్నించకుండానే బరువు తగ్గడం ఇంకో రకం హెచ్చరిక. మతిమరుపు జబ్బు బయటపడడానికి కొన్నేళ్ళ ముందునుంచే కొందరు అలా తగ్గిపోతారట. ఆకలి తెలియదు, తిన్నదీ తిననిదీ గుర్తుండదు. థైరాయిడ్ వల్ల కూడా కావచ్చు, దిగులు వల్ల కావచ్చు, చూపించుకుంటే గాని తెలియదు అన్నాడు.

మనం వెర్రివాళ్ళలా నువ్వు గెలుస్తున్నావనుకున్నాం.

మీ నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళు. వెళ్ళేదాకా కౌంటరు దగ్గర కూర్చోకు. అక్కడ నువ్వు తప్పు చేస్తే పోయేది కోటు కాదు, మనిషి.

నీ బొద్దు

*

జులై 27

నీ బొజ్జ సంగతి నువ్వు చూసుకో. నేను ఎత్తుకుని తిప్పినవాడివి, నాకు మతి లేదని రాసేంతవాడివయ్యావు. మళ్ళీ ఉత్తరం రాయకు.

*

ఇల్లు
సెప్టెంబరు 9
బరువు: 53

బొద్దూ,

నీ ఉత్తరం చింపేశాను. తర్వాత ముక్కలు ఏరి అతికించాను. ఇప్పుడు నా ముందే ఉంది.

ఆ మర్నాడు డ్యూటీకి వెళ్ళి కళ్ళజోడు కంపౌండర్ని పక్కకు పిలిచి, "ఈ పొట్లాలు విప్పి చూసే పద్ధతి ఎవరి కోసం వచ్చింది?" అని అడిగాను. ఆయనా అన్నిచోట్లా వచ్చిందనే అన్నాడు. చెప్పేదాకా వదలనన్నాను. "మీ కోసమేనమ్మా. మార్చిలో ఒక ముసలాయనకు రక్తపోటు మాత్రల పొట్లంలో చక్కెర జబ్బు మాత్రలు పెట్టారు. నా కంట పడింది కాబట్టి సరిపోయింది. తర్వాత ఇంకో రెండుసార్లు జరిగింది. పెద్దవారు, మీ మొహం మీద ఎలా చెప్పమంటారు?" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్ళు తడిశాయి. గది తాళాలు నేనే తీసుకెళ్ళి పెద్ద ఫార్మసిస్టుగారి బల్ల మీద పెట్టాను. ఆయన వద్దనలేదు. అప్పుడు అర్థమైంది.

అందరికీ తెలుసు, నాకు తప్ప. నాన్నకూ ఇలాగే జరిగింది. గోదాముల సందునుంచి బస్సును ఇంకో డ్రైవరు తెచ్చి డిపోలో పెడితే, "ఇంజను మొరాయించింది, అంతే" అని అందరం ఆయనతో అన్నాం. ఆ మాట కల్పించింది నేనే. తర్వాత రెండేళ్ళు మనిషి తనకేమవుతోందో తెలియక మా మొహాలు చూసేవాడు. నువ్వు ఎందుకు చెప్పలేదని అడిగావుగా. సిగ్గేసి చెప్పలేదు.

అందుకే ఒక మాట అడుగుతాను. నేను రాసిందే మళ్ళీ రాస్తే నాకు చెప్పు. నా మీద ప్రేమ కొద్దీ దాచకు.

డాక్టరు రక్తం తీశాడు, తలకు స్కాను తీశాడు. ఐదు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమన్నాడు. రెండే చెప్పాను. థైరాయిడ్ బాగానే ఉంది. జబ్బు మొదలైంది, ఇంకా తొలిమెట్టు మీదే ఉంది అన్నాడు. వెనక్కి తిప్పలేం, వేగం తగ్గించడానికి మాత్రం ప్రయత్నిద్దాం అన్నాడు. బరువు పెరగాలట నేను. జీవితమంతా నీ పళ్ళెంలోంచి తీసిన ముద్దలన్నీ ఇప్పుడు నేను తినాలి. టీచరమ్మ రెండు పూటలా ఎదురుగా కూర్చుని తినిపిస్తోంది. ఒక కిలో పెరిగాను.

నాకు చచ్చేంత భయంగా ఉంది. పొద్దున లేవగానే మంచం మీదే మన ఇంటివాళ్ళ పేర్లు వరసగా తలుచుకుంటాను. నీ పేరు దగ్గర ఇంతవరకు ఆగలేదు.

నీ గాలి యంత్రం మానకు, నడక మానకు. నాకు వచ్చింది కదా అని నీకు రాదని రాసిపెట్టి లేదు.

ఉత్తరం ముగించేముందు నిన్నొక మాట అడగాలి. నేను రాసిందే మళ్ళీ రాస్తే నాకు చెప్పు. ప్రేమ కొద్దీ దాచకు.

మీ అక్కయ్య

*

ఇల్లు
సెప్టెంబరు 16
బరువు: 94

అక్కయ్యా,

అంకె ఈసారి నీ మరదలు పక్కన నిలబడి చూసింది. నడుస్తున్నాను. యంత్రం పెట్టుకునే పడుకుంటున్నాను.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. దాచకుండా చెప్పమన్న మాట నీ ఒక్క ఉత్తరంలోనే రెండుసార్లు రాశావు, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి. రెండోసారి రాసేటప్పటికి మొదటిది నీకు గుర్తులేదు. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. మొదట రాసిన కాగితంలో ఇవి లేవు. నీ ఆరోగ్యం బాగుంది, చేతిరాత ముత్యాల్లా ఉంది అని రాసి కవరు కూడా అంటించాను. తర్వాత నాన్న మన మొహాలు చూస్తూ కూర్చోవడం తలుచుకుని కవరు చింపాను.

దుకాణం నా దగ్గర పనిచేసే కుట్టుపనివాడికి అప్పగించాను. గురువారం పొద్దున బస్సుకు మీ ఇద్దరి దగ్గరికీ, అంటే నీ దగ్గరికీ టీచరమ్మ దగ్గరికీ, మేమిద్దరం బయలుదేరుతున్నాం. కుట్టుమిషను కూడా తెస్తున్నాను, మీ వీధిలో ఎవరికో ఒకరికి ప్యాంట్లు పొట్టి చేయించుకునే అవసరం ఉండకపోదు. పొద్దున నన్ను నువ్వు నడిపించు, మధ్యాహ్నం నిన్ను నేను తినిపిస్తాను. ఎన్నాళ్ళుంటామో ఇప్పుడు చెప్పలేను.

తలుపు తీసి నన్ను చూసి ఎందుకొచ్చావని అడిగితే చెబుతాను. కాసేపటికి మళ్ళీ అడిగితే, ఇందాకే అడిగావని చెప్పి, మళ్ళీ చెబుతాను.

నీ బొద్దు